మిగతా సగం

"మౌనం అర్ధాంగీకారం అంటారు మా భాషలో" అన్నాను నవ్వుతూ. గదిలో ఎవరూ నవ్వలేదు. పదహారేళ్ల పిల్ల ఒకతి చెయ్యెత్తి, "మరి మిగతా సగం ఎవరిస్తారు?" అంది. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగింది.

కాలిఫోర్నియాలో ఒక హైస్కూల్లో నా ఉద్యోగం. లైంగిక దాడులు జరగకుండా తోటి పిల్లలకు సాయపడేలా కొందరు టీనేజర్లకు శిక్షణ ఇవ్వడం అందులో ఒక భాగం. పీర్ ఎడ్యుకేటర్లు అంటాం వాళ్లను.

మేం నేర్పేది పెద్ద విద్యేం కాదు. పార్టీలో ఎవడైనా ఒక అమ్మాయిని వదలకుండా విసిగిస్తుంటే, "నీకోసమే వెతుకుతున్నా, రా" అంటూ మధ్యలో దూరితే చాలు. ఎవరైనా తమకు జరిగింది చెప్పుకుంటే ఆరాలు తియ్యకుండా వినాలి, తప్పు నీది కాదనాలి, నమ్మకమైన పెద్దవాళ్ల దగ్గరికి తోడు వెళ్లాలి. ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం వెయ్యకూడదు. వాళ్లకు అన్నిటికంటే కష్టం ఇదే. ఆ వయసులో స్నేహమంటేనే ఒట్టు కదా!

ఇంటికి వచ్చేదాకా కారులో ఆ పిల్లతో వాదిస్తూనే ఉన్నాను. ఆ సామెత పెళ్లి మాటల దగ్గర వాడేది, ఇలాంటివాటికి కాదు. అయినా మన చట్టం ఏం తక్కువ తిన్నది? 2012 నాటి పోక్సో ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఎవరైనా సరే ఫిర్యాదు చేసి తీరాలి. ఈ రాష్ట్రంలో ఆ బాధ్యత టీచర్లు, డాక్టర్ల వంటి కొన్ని ఉద్యోగాల వాళ్లకే. నాకూ ఉంది: అనుమానం రాగానే ఫోన్, 36 గంటల్లోపు రాతపూర్వకంగా రిపోర్టు.

ఇదంతా ఆ పిల్లకు చెప్పి ఏం లాభం? తను అడిగింది చట్టం గురించి కాదు. పైగా నా చేతిలోని కాగితాల్లోనే ఉంది, కాలేజీల కోసం ఈ రాష్ట్రం 2014లో చేసిన చట్టం. మౌనంగా ఉన్నా, ఎదిరించకపోయినా ఒప్పుకున్నట్టు కాదంటుంది అది. భయంతో ఒళ్లు కొయ్యబారిపోతే నోరు పెగలదని నెలకోసారి పాఠం చెప్పేదీ నేనే. చెబుతూనే ఆ సామెత ఎలా వచ్చింది నా నోటికి?

రాత్రి అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. మామూలుగా అయితే సరేననుకుని వేరే కబుర్లలోకి వెళ్లేదాన్ని.

"అమ్మా, ఏమంటావు?"

"ఏమంటానే... మా పెళ్లి మాటలప్పుడు నన్నెవరైనా అడిగారా? నేనేం అనలేదు, అంతే" అంది. కాసేపాగి, "ఆ పిల్ల ఎన్నో క్లాసు?" అంది.