ఉత్తరం రాకుండానే పడుతున్న ముద్ర

స్నానం చేసి తువాలు చుట్టుకోగానే ఒళ్లంతా సూదులు గుచ్చినట్టు దురద. దద్దు లేదు, మచ్చ లేదు. అరగంట గోక్కుంటే దానంతటదే తగ్గేది. కడపలో మా ఇంట్లో బోరు నీళ్లే గతి, బకెట్ అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. తప్పు నీళ్లదే అనుకుని మూడు సబ్బులు మార్చాను, కొబ్బరినూనె పట్టించాను, చివరికి తాగే నీళ్ల క్యాను కొనుక్కొచ్చి దాంతో స్నానం చేశాను. ఆ పొద్దు మా ఆవిడ చూసిన చూపు ఇంకా గుర్తుంది. దురద మాత్రం తగ్గలేదు.

మొహం కూడా ఎర్రబడింది. "ఏం సార్, రంగు తేలినారు, ఏం తింటాండారు?" అని స్టాఫ్ రూములో ఒకటే ఎగతాళి. తలనొప్పి, సాయంత్రానికి అరికాళ్ల మంట, ఇవన్నీ ఎండల ఖాతాలో రాసేశాను. నీరసంగా ఉందని ఒక క్లినిక్కుకు వెళితే రక్తపరీక్ష అడక్కుండానే ఐరన్ టానిక్ రాసిచ్చారు. రెండు సీసాలు తాగాను. మండే పొయ్యిలోకి నేనే కట్టెలు ఎగదోశానని తర్వాత తెలిసింది.

రక్తపరీక్ష నా అంతట నేనే చేయించుకున్నాను. హిమోగ్లోబిన్ 19.4. హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించిన వాటా, 58 శాతం. ప్లేట్‌లెట్లు 6 లక్షలు దాటాయి, తెల్లకణాలు 13 వేలు. ల్యాబులో ఉన్నది నా దగ్గర చదువుకున్న పిల్లోడే. "మిషన్ తప్పు చూపిచ్చినట్టుండాది సార్, ఇంగోసారి తీస్తా" అన్నాడు. రెండోసారి 19.2 వచ్చింది. "రక్తం పట్టినాదంటే మంచిదే గదరా, అది లేకనే అందరూ ఏడుస్తాండారు" అని మా అమ్మ సంతోషపడింది.

తిరుపతిలో రక్తజబ్బుల డాక్టరు సంతోషపడలేదు. బీడీ, సిగరెట్ తాగుతారా, గురక పెడతారా, ఊపిరితిత్తుల జబ్బేమైనా ఉందా, కొండప్రాంతంలో ఎక్కువకాలం ఉన్నారా అని వరసగా అడిగాడు. వీటిలో ఏదున్నా ఆక్సిజన్ చాలక ఎర్రకణాలు పెరుగుతాయి. నాకు ఏదీ లేదు. కడప లేహ్ కాదు కదా. రెండు పరీక్షలు రాశాడు: ఒకటి ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోను, రెండోది జాక్2 జన్యువు. నమూనా బయటి ఊరికి వెళ్లింది. పది రోజులకు వచ్చిన రిపోర్టులో పేరు నాదే, వయసు మాత్రం 25. నాకు 52. అంకెలు తారుమారయ్యాయా, మనిషే తారుమారయ్యాడా? అది తేల్చడానికి ఇంకో వారం పట్టింది. ఫోన్ ఎత్తినవాళ్లంతా "చెక్ చేసి చెప్తాం" అనేవాళ్లే. చివరికి తారుమారైంది అంకెలే.

జాక్2 పాజిటివ్, అంటే ఆ జన్యువులో మార్పు ఉంది. జబ్బు పేరు పాలిసైతీమియా వీరా, మజ్జ అదుపు లేకుండా ఎర్రకణాలను పుట్టించే రక్తజబ్బు. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టింది రెండో అంకె. ఎరిత్రోపొయెటిన్ బాగా తక్కువగా ఉంది, మామూలు హద్దుకు కింద.

నేను జీవశాస్త్రం టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పదో తరగతికి హార్మోన్లు చెబుతున్నాను. ఆక్సిజన్ తగ్గితే మూత్రపిండాలు ఎరిత్రోపొయెటిన్ పంపుతాయి, అది ఎముక మజ్జకు చేరి ఎర్రకణాలను పెంచమంటుంది. ఎర్రకణాలు ఇంత పెరిగాయంటే హార్మోను పొంగిపొర్లాలి. ఇక్కడ చూస్తే లేదు. పంపేవాడు పంపడం మానేశాడు, పని మాత్రం రాత్రింబవళ్లు జరుగుతోంది.

అదెట్లా అని డాక్టర్ని అడిగాను. బయట అరవై మంది వరసలో ఉన్నారు. ప్రిస్క్రిప్షన్ వెనక రెండు అడ్డగీతలు గీశాడు, అది కణం పొర. దాన్ని గుచ్చుకుని రెండు నిలువు కాళ్లు. పైన ఒక బంతి. కింద, ఒక్కో కాలికి అతుక్కుని ఒక్కో సున్నా. ఆ సున్నాల మీద పెన్నుతో పొడిచి "మీ జబ్బు ఇక్కడుంది సార్, పైన కాదు" అన్నాడు. ఆ కాగితం కోడూరు, రాజంపేట దాటి బస్సు కడప చేరేదాకా నా చేతిలోనే ఉంది.

నా సిగ్గు సంగతి చెప్పాలి. క్లాసులో నేను "హార్మోను తాళంచెవి, రిసెప్టర్ తాళం" అని చెప్పి, "అప్పుడు లోపల చర్య జరుగుతుంది" అని ముగించేవాణ్ని. ఎవరు చేస్తారు ఆ చర్య? నన్ను ఏ పిల్లోడూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఆ నెలలో రాత్రుళ్లు కూర్చుని చదివాను.

స్టెరాయిడ్, థైరాయిడ్ హార్మోన్ల తీరు వేరు. అవి కణంలోకి దూరి లోపలున్న రిసెప్టర్‌నే పట్టుకుంటాయి. ఎరిత్రోపొయెటిన్, ఇన్సులిన్ లాంటి ప్రోటీన్ హార్మోన్లకు కొవ్వు పొర అడ్డం. గుమ్మం బయటే ఆగాలి, కబురు లోపలికి వెళ్లాలి. అడ్రినలిన్ వస్తే రిసెప్టర్ లోపలి జి-ప్రోటీన్‌ను కదిలిస్తుంది, అది ఇంకో అణువును పుట్టిస్తుంది. ఇన్సులిన్ రిసెప్టర్‌కు లోపలి కొసలో సొంత ఎంజైము ఉంది. ఎరిత్రోపొయెటిన్, గ్రోత్ హార్మోన్, ఇంటర్‌ల్యూకిన్లు, ఇంటర్‌ఫెరాన్ల రిసెప్టర్లకు ఆ భాగ్యం లేదు. వాటి లోపలి తోక ఉత్త తోకే. అందుకే జాక్ అనే ఎంజైమును తోకకు అంటించుకుని కూర్చుంటాయి. డాక్టరు గీసిన సున్నాలు అవే.

నేను ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి నాకు ఆఫీసు భాషలోనే బుర్రకెక్కింది. మూత్రపిండం రాసిన ఉత్తరం గుమ్మానికి చేరగానే రిసెప్టర్ రెండు కాళ్లూ సర్దుకుని దగ్గరవుతాయి. వాటికి అంటుకున్న ఇద్దరు అటెండర్లు, అంటే రెండు జాక్‌లు, ముందు ఒకరి మీద ఒకరు ముద్ర వేసుకుంటారు. ఆ తర్వాత రిసెప్టర్ తోక మీద వేస్తారు. ముద్ర పడిన చోటుకు స్టాట్5 అనే ప్రోటీన్ వచ్చి ఆనుకుంటుంది, దానికీ ముద్ర పడుతుంది. ముద్ర పడిన రెండు స్టాట్‌లు జతకట్టి కేంద్రకంలోకి, అంటే రికార్డు రూములోకి వెళ్లి డీఎన్ఏ మీద కూర్చుని, ఈ కణం చావకూడదు, పెరగాలి అని జీవో తీయిస్తాయి. ఆ జీవోలోనే ఇంకో ప్రోటీన్ పుట్టుకొచ్చి జాక్‌ను ఆపుతుంది. ముద్రలు చెరిపే ఎంజైములు వేరే ఉన్నాయి. మన ఆఫీసుల్లో ఆ చెరిపే ఏర్పాటు ఒక్కటే తక్కువ.

ముద్ర అంటే ఫాస్ఫేట్. జాక్ దాన్ని కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి తీసుకుంటుంది. మన భీమవరం శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా శాస్త్రజ్ఞుడు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించిన సంగతి క్లాసులో గర్వంగా చెప్పేవాణ్ని. ఆ ఫాస్ఫేటే నా మజ్జలో ఇలా ఊరేగుతోందని తెలియదు.

జాక్ పేరు వెనక ఒక నవ్వులాట కూడా ఉంది. మొదట్లో శాస్త్రజ్ఞులు దాన్ని 'ఇదీ ఇంకో కైనేజే' అన్న అర్థంలో పిలిచారట. కైనేజ్ అంటే ఈ ఫాస్ఫేట్ ముద్ర వేసే ఎంజైము. తర్వాత రెండు మొహాల రోమన్ దేవుడు జేనస్ పేరుకు సరిపెట్టారు. దానికి నిజంగానే రెండు మొహాలున్నాయి. ఒకటి ముద్ర వేసేది, పక్కది దాన్ని పట్టి ఆపేది. 2005లో నాలుగు బృందాలు వేర్వేరుగా కనుక్కున్న మార్పు ఆ ఆపేదానిలోనే ఉంది. జాక్2 జన్యువులో 1849వ స్థానంలో 'జి' అనే అక్షరం పోయి 'టి' పడింది. దాంతో ప్రోటీన్‌లో 617వ చోట వాలైన్ అనే అమైనో ఆమ్లం బదులు ఫినైల్ అలనిన్ వచ్చింది. బ్రేకు సడలింది. ఉత్తరం రాకపోయినా అటెండరు ముద్రలు కొడుతూనే ఉన్నాడు. మూత్రపిండం పాపం, రక్తం ఎక్కువైంది కదా అని రాయడం తగ్గించేసింది. రిపోర్టులో ఆ చిన్న అంకెకు అర్థం ఇదే. ప్లేట్‌లెట్ల కబురు, కొన్ని తెల్లకణాల కబురు మోసేది కూడా ఇదే జాక్2. అందుకే అవీ పెరిగాయి.

పాలిసైతీమియా వీరా ఉన్న నూటికి తొంభై ఐదు మందిలో ఈ ఒక్క మార్పే కనిపిస్తుందట.

మా ఆవిడ భయమంతా పిల్లల గురించే. పుట్టుకతో వచ్చింది కాదు, మజ్జలో ఏదో ఒక కణంలో మధ్యలో జరిగిన పొరపాటు, సాధారణంగా పిల్లలకు దిగదు అని డాక్టరు చెప్పాకే ఆమె ఆ రాత్రి బువ్వ తినింది.

వైద్యం చూస్తే ఇంత చదువూ దండగ అనిపించింది. రోజుకో చిన్న ఆస్పిరిన్, దాంతోపాటు రక్తం తీసి పారేయడం. జాక్‌ను నేరుగా అణిచే రక్సోలిటినిబ్ మాత్ర ఉంది, అమెరికాలో ఈ జబ్బుకు 2014లో అనుమతించారు. అయితే అది, రక్తకణాల పెరుగుదలను తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్ర సరిపడనివాళ్లకు. నాకు అరవై దాటలేదు, ఎక్కడా రక్తం గడ్డ కట్టలేదు, కాబట్టి హైడ్రాక్సీయూరియా కూడా అప్పుడే వద్దన్నారు. హిమటోక్రిట్ 45 కిందికి తేవాలి, అంతే.

మొదటిసారి సంచి నిండడానికి చాలాసేపు పట్టింది. దానం చేసేటప్పుడు చకచకా నిండేది నాకు తెలుసు, ఎన్నోసార్లు ఇచ్చాను. ఇప్పుడు గొట్టంలో రక్తం నల్లగా, నేరేడుపండు రంగులో నింపాదిగా జారుతోంది. "రోంత చిక్కగా ఉండాది సార్, పిడికిలి బిగించి వదలండి" అంది నర్సమ్మ. 350 మిల్లీలీటర్లు. అయ్యాక సంచి మీద అడ్డంగా గీత కొట్టి, పారేసే డబ్బాలో వేసింది. ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని అడిగాను. "మీది ఎక్కియ్యకూడదు సార్" అంది. దానం చేసి మెప్పు పొందిన అదే చెయ్యి మీద దూది అదుముకుని బయటికొచ్చాను.

ఏడు సంచులు పోయాయి. ఐరన్ ఇప్పుడు అడుగంటింది, దానికి మందు మాత్రం వాడకూడదు. మజ్జకు ఇనుము దొరక్కుండా చేయడమే ఇక్కడ సగం వైద్యం. నీరసం దాని కూలి. మొన్నటి హిమటోక్రిట్ 44.6. తలనొప్పి పోయింది, అరికాళ్ల మంట పోయింది. మూడు నెలలకు రమ్మన్నారు.

దురద కూడా ఈ జబ్బుదేనట, అది మాత్రం వదల్లేదు. స్నానాల గదిలోంచి రాగానే మా ఆవిడ విసనకర్ర అందిస్తుంది.