ఓడినవాళ్లే స్కోరు వేయాలి: డార్ట్స్ ఓపెన్‌లో నా అనుభవం

డార్ట్స్ అంటే గోడకున్న గుండ్రటి బోర్డు మీదికి చిన్న బాణాలు విసిరే ఆట. ఇంగ్లండ్, ఐర్లండ్‌ల మధ్యనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో జరిగే డార్ట్స్ ఓపెన్‌లో ఆడాలంటే ముందు ఎక్కడా గెలిచి రానక్కర్లేదు. రుసుము కట్టి పేరిస్తే చాలు. మగవాళ్ల సింగిల్స్, ఆడవాళ్ల సింగిల్స్ వేర్వేరు పోటీలే కానీ నియమాలు ఒకటే. బోర్డు నడిబొడ్డు నేలకు 1.73 మీటర్ల ఎత్తున ఉంటుంది, 2.37 మీటర్ల దూరం నుంచి వేయాలి, పడిన పాయింట్లను 501 నుంచి తగ్గించుకుంటూ వచ్చి, సరిగ్గా సున్నా అయ్యేలా డబుల్‌తో, అంటే అంకెకి రెట్టింపు ఇచ్చే అంచు గడితో, ముగించాలి. ప్రపంచ సమాఖ్య ర్యాంకింగ్ పాయింట్లుండే పోటీ కాబట్టి లేక్‌సైడ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మీద కన్నేసినవాళ్లూ వస్తారు, ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో పబ్ లీగ్ ఆడే నాలాంటివాళ్లూ వస్తారు. చీటీ ఎవరితో పడుతుందో మన చేతిలో లేదు.

విమానంలో డార్ట్స్‌ను చేతిసంచిలో ఉంచుకోనివ్వరు. అందుకని ఇంగ్లండ్ రేవు హేషమ్‌లో ఓడెక్కాను. ద్వీప రాజధాని డగ్లస్‌కి దాదాపు నాలుగు గంటలు. ఫోన్లో అమ్మ, "బాణాలు విసరడానికి ఓడెక్కి పోతున్నావుటే!" అని ఒకటే నవ్వు. జీన్స్ వేసుకుంటే ఆడనివ్వరని లీగ్‌లో ముందే చెప్పారు, నల్ల ప్యాంటు కొనుక్కున్నాను.

పోటీ జరిగే విల్లా మెరీనాలో అడుగుపెట్టగానే చెవులు హోరెత్తాయి. హాలు నిండా వరసగా బోర్డులు. పేరు నమోదు చేయించుకుని, మనల్ని ఏ బోర్డుకి పిలుస్తారో చెవి అటే పడేసి కూర్చోవాలి. ఎదురుచూడటమే ఎక్కువ, ఆడటం తక్కువ.

నాకు పడిన పెద్దావిడ కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, "రామ్మా" అన్నట్టు తలూపింది. బోర్డు నడిమధ్యనుండే బుల్‌కి దగ్గరగా వేసినవాళ్లది మొదటి వంతు. అది నాకే దక్కింది, ఆ తర్వాత దక్కింది పెద్దగా లేదు. ఒక లెగ్‌లో, అంటే 501 నుంచి సున్నా దాకా సాగే ఒక ఆటలో, 32 దాకా దిగాను. అందరూ కోరుకునే అంకె అది. డబుల్ 16 తప్పి సింగిల్ పడితే 16 మిగులుతుంది, అప్పుడు డబుల్ 8, అదీ తప్పితే డబుల్ 4. సగాలు చేసుకుంటూ పోవచ్చు. నా మూడు డార్ట్సూ డబుల్ గడి తీగ అవతల పడ్డాయి. ఆవిడ వచ్చి ఒక్క డార్ట్‌తో ముగించి, చేయి కలిపి వెళ్లిపోయింది.

ఇక ఇంటికే అనుకుంటారేమో! ఓడినవాళ్లు ఆ బోర్డు మీద తర్వాతి ఆటకి స్కోరు వేయాలి. నన్నడిగితే ఆడటంకన్నా ఇదే కష్టం. బోర్డు పక్కన మొహం అటే పెట్టి కదలకుండా నిలబడాలి. ఎంత కావాలో ఆటగాళ్లు అడిగితే చెప్పొచ్చు, ఏ డబుల్‌తో ముగించాలో మాత్రం చెప్పకూడదు. డార్ట్స్ ఇంకా గుచ్చుకుని ఉండగానే కూడాలి, మిగిలినదాంట్లోంచి తీసేయాలి. 137 మీదున్న అమ్మాయికి 20, 5, ట్రిపుల్ 20 (అంటే మూడింతలు, 60) పడ్డాయి. తెలుగులో కూడి, ఇంగ్లీషులో ఎనభై అయిదు అని అరిచి, 52 వేశాను. చిన్నప్పుడు మాస్టారు బెత్తం పట్టుకుని చెప్పించిన నోటిలెక్కలు అక్కడ అక్కరకొచ్చాయి. మూడు డార్ట్స్ ఊడబెరికేలోపే స్కోరు పడుతుంటే ఆ అమ్మాయి వెనక్కి తిరిగి ఓసారి చూసింది. ఆ చూపుకి నాకు కాస్త గర్వమే వేసింది.

అంత దగ్గరగా నిలబడితేనే తెలిసేది ఇంకోటుంది. గట్టి ఆటగత్తెలు 20 కోసం వేసి తప్పినా పక్కనున్న 1లోనో 5లోనో వెంట్రుకవాసిలో పడుతుంది. నాది 12 దాకా పోతుంది. 2001 నుంచి వరసగా ఏడేళ్లు ప్రపంచ టైటిల్ గెలిచిన ట్రీనా గలివర్ గురించి చదివినప్పుడు అర్థంకానిది, ఆ అమ్మాయి డార్ట్స్ మూడూ ఒకే చోట గుచ్చుకుంటుంటే అర్థమైంది.

ఆట అయ్యాక నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి, పక్క బోర్డు దగ్గర ఓడినావిడ ఎటు వెళ్లిందో కనబడటం లేదు, మీరొస్తారా అనడిగాడు. వెళ్లాను. మధ్యలో మావారి ఫోను.

"ఇంకా ఆడుతూనే ఉన్నావా? ఎన్నో రౌండు?"

"రెండోదండీ. స్కోరు వేస్తున్నా, మళ్లీ చేస్తాను."