పాటకు తాళం వేశారు, పేరు మాత్రం రాయలేదు

"బండెనక బండి కట్టి" ఎవరి పాట అంటే చాలామంది టక్కున గద్దర్‌ది అంటారు. "మా భూమి" సినిమాలో ఆయన పాడిన తీరు అలాంటిది మరి. కానీ ఆ పాట కట్టింది బండి యాదగిరి, సాయుధ పోరాటం రోజుల్లో. ఆ తర్వాత అది నోటి నుంచి నోటికి పాకింది. ఏ ఊరి వాళ్ళు ఆ ఊరి మాట కలిపారు, తెలంగాణ ఉద్యమం సభల్లో మళ్ళీ మారుమోగింది. ఎవరూ ఎవరినీ పర్మిషన్ అడగలేదు, అందుకే అంత దూరం వచ్చింది. యాదగిరి పేరు మాత్రం దారిలోనే జారిపోయింది. నాకు ఈ రెండూ ఒకేసారి గుర్తొస్తుంటాయి, ఒకటి సంతోషం, ఇంకొకటి కడుపుమంట.

ఇప్పుడు యూట్యూబ్‌లో ఫోక్ సాంగ్స్ మార్కెట్ చూడండి. నాట్ల పాట, పెళ్లి పాట, బతుకమ్మ పాట, ఏది దొరికితే అది తెచ్చి, దానికి డీజే బీట్ తగిలించి, నాలుగు నిమిషాలకు కత్తిరించి, రీల్‌కి పనికొచ్చే ఒక్క లైను పదిసార్లు తిప్పి వదులుతున్నారు. బీట్ మీద నాకు కోపం లేదు, పెళ్లి బరాత్‌లో నేనూ ఎగురుతాను. పల్లెటూరి పిల్లలు సినిమా వాళ్ళ గడప తొక్కకుండానే పాడి, ఆడి, నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారంటే అది మంచిదే. కానీ అరగంట సాగే కథ పాటలో అత్తింటి ఆరళ్ళు, అన్న రాక కోసం చెల్లెలి ఎదురుచూపు అన్నీ పోయి నడుము, కొంగు మాత్రం మిగలడం వ్యాపారం చేసిన కోత. పైగా డిస్క్రిప్షన్‌లో "లిరిక్స్" అని ఎవరిదో పేరు, కింద "ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్". ఏ రైట్స్ బాబూ? మీ నాయనమ్మ కంటే ముందు నుంచీ ఉన్న పాట అది!

మా కాలనీ ఆడవాళ్ళు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడిన వీడియో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. వెనక స్పీకర్ కూడా లేదు, చప్పట్లు, గొంతులు, అంతే. ఏదో ఛానల్ వాళ్ళు అదే బాణీ రికార్డు చేసి సిస్టంలో ఎక్కించుకున్నారట. యూట్యూబ్ కంటెంట్ ఐడీ పని చేసేది అలాగే. హక్కుదారుణ్ణి అని చెప్పుకున్న వాళ్ళు ఇచ్చిన ఆడియోతో మన వీడియోని పోల్చి చూస్తుంది. కలిస్తే ఆ వీడియోని ఆపేయాలా, దాని మీద వచ్చే యాడ్ డబ్బు తీసుకోవాలా, ఊరికే లెక్క చూసుకోవాలా అన్నది వాళ్ళ ఇష్టం. మనం డిస్ప్యూట్ పెడితే జవాబివ్వడానికి 30 రోజుల గడువు కూడా వాళ్ళకే. ఈలోపు పండగ అయిపోతుంది, వీడియో ఎవడు చూస్తాడు? "ఉయ్యాలో" అన్న మాటకి ఓనర్ ఉంటాడని మా పక్కింటి పెద్దమ్మకి చెబితే ఆమె నమ్మలేదు, నన్నే అనుమానంగా చూసింది.

"సారంగ దరియా" సినిమా పాట గొడవ గుర్తుందా, 2021లో? పల్లవి జానపదం, చరణాలు సుద్దాల అశోక్ తేజ రాశారు. ఆ పాటను అంతకుముందే టీవీ ప్రోగ్రాంలో పాడి వెలుగులోకి తెచ్చిన గాయని నా సంగతేంటి అని అడిగింది. అప్పుడు సోషల్ మీడియాలో జనం రెండు జట్లుగా విడిపోయి తిట్టుకున్నారు గానీ నాకైతే ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపించింది. జానపదం ఎవరి సొత్తూ కాదు, నిజమే. అలాగని ఎవరో పెద్దమనిషి దగ్గర కూర్చుని నేర్చుకుని, స్టేజీ మీదికి తెచ్చిన మనిషి శ్రమ ఉత్తదైపోదు కదా.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో జానపదాలకంటూ ప్రత్యేకమైన రక్షణ ఏదీ లేదు. ప్రదర్శకులకు మాత్రం హక్కులున్నాయి, ఆ నిర్వచనంలో గాయకులతో పాటు గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు (నిజంగానే, జోక్ కాదు). అంటే నాట్లేస్తూ పాడే అవ్వ గొంతుని ఆమె ఒప్పుకోకుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు. కానీ అవ్వకి ఆ సంగతి ఎవరు చెప్తారు? అదే చట్టంలో 57వ సెక్షన్ అని ఇంకొకటుంది. హక్కులన్నీ అమ్ముకున్నాక కూడా "ఇది నా రచన" అని చెప్పుకునే హక్కు రచయితకి ఉంటుంది. నాకు ఆ చట్టం మొత్తంలో నచ్చిన ముక్క ఇదే. మ్యూజిక్ యాప్ తెరిచి చూడండి, హీరో ఫొటో, సింగర్ పేరు పెద్దగా ఉంటాయి, రాసినవాళ్ళ పేరు కోసం మూడు చుక్కలు నొక్కి వెతుక్కోవాలి.

అలాగని కాపీరైటే దండగ అనే బ్యాచ్ కాదు నేను. 2017లో బాలుగారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా దగ్గర్నుంచి లీగల్ నోటీసు వచ్చింది, ఇక రాజా పాటలు పాడనని ఆయన ఫేస్‌బుక్‌లో పెట్టారు. టికెట్లు కొన్న మనవాళ్ళంతా రాజాని డబ్బు మనిషి అని తిట్టారు. స్నేహితుడికి నోటీసు పంపడం నాకూ నచ్చలేదు. కానీ టికెట్లు అమ్మి షో పెట్టేవాళ్ళు హాలుకి, లైట్లకి, భోజనాలకి కడతారు, పాట కట్టినవాడికి మాత్రం నమస్కారంతో సరిపెడతారా? 1977లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, డబ్బిచ్చి రాయించుకున్న నిర్మాతే పాటకు యజమాని అన్నట్టు నడిచింది పరిశ్రమ. రాసినవాళ్ళు ఒక్కసారి పారితోషికం తీసుకుని ఇంటికెళ్లేవారు, ఆ పాట తర్వాత రేడియోలో, క్యాసెట్టులో, రింగ్‌టోన్‌లో ఎంత తిరిగినా వాళ్ళకు పైసా రాదు. 2012 సవరణ వచ్చాకే, సినిమా హాల్లో సినిమాతో పాటు వేసే ఆట తప్ప మిగతా వాడకం మీద రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా దక్కింది. దాని కోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డారు. ఆ డబ్బు రచయిత ఇంటికి చేరితే నాకు ఆనందమే.

నా గోలంతా కట్టినవాడు కనిపించని పాటల గురించి. అక్కడ ముందు రికార్డు చేసినవాడే మొగుడు. అందుకే ఈ మధ్య ఏ ఫోక్ పాట విన్నా కింద కామెంట్ పెడుతున్నాను, ఈ పాట ఎవరి దగ్గర విన్నారు, ఏ ఊరిది అని. ఎక్కువమంది ఒక లవ్ సింబల్ కొట్టి వదిలేస్తారు, కొందరైతే నీకెందుకు అన్నారు. ఒక ఛానల్ అబ్బాయి మాత్రం, మా అత్తమ్మ నాట్లప్పుడు పాడేది అన్నా అని జవాబిచ్చి, ఆమె పేరు, ఊరి పేరు డిస్క్రిప్షన్‌లో పై వరసలో పెట్టాడు.