బంగారం లేని బంగారు ఫొటో

అమ్మమ్మ ఫొటోను గాజు పలక మీద ముద్రించి, వెనుక బంగారు రంగు పూసి, అది ఆరిన తరువాత అమ్మ చేతిలో పెట్టినప్పుడు నేను మెచ్చుకోలు ఆశించాను. అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి, కాసేపు అటూ ఇటూ వంచి చూసి, “మా అమ్మకి పమిట కుడి భుజం మీదికి ఎప్పుడొచ్చిందిరా?” అని అడిగింది. మూడు రోజుల పని ఆ ఒక్క ప్రశ్నతో వృథా అయింది. కాగితం మీద వేసిన ఫొటోను మనం ఎమల్షన్, అంటే బొమ్మ ఏర్పడే వెండి లవణాల జెలటిన్ పూత, ఉన్న వైపు నుంచే చూస్తాం. ఇలా గాజు మీద ముద్రించి వెనుక బంగారు రంగు పూసే ఫొటోను ఓరోటోన్ అంటారు. అందులో ఎమల్షన్ గాజుకు వెనుక ఉంటుంది, మనం గాజులో నుంచి చూస్తాం కనుక బొమ్మ అద్దంలోలా కుడి ఎడమలు మారిపోతుంది. అందుకే నెగటివ్‌ను పెద్దదిగా చేసి ముద్రించే ఎన్‌లార్జర్‌లో దాన్ని తిరగేసి పెట్టాలి. ఆ సంగతి నాకు తెలియక కాదు, ఆ రాత్రి గుర్తుకు రాలేదు, అంతే.

ఓరోటోన్ అనే పేరు లాటిన్‌లో బంగారానికి ఉన్న ‘ఔరం’ అనే మాట నుంచి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో అమెరికాలో ఈ పద్ధతికి మంచి గిరాకీ ఉండేది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ దృశ్యాలను ఆర్థర్ పిల్స్‌బరీ ఇలాగే గాజు మీద ముద్రించి అమ్మాడు. అయితే ఈ పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది సియాటిల్‌లో స్టూడియో నడిపిన ఎడ్వర్డ్ కర్టిస్. అమెరికా ఆదివాసుల గురించి 1907 నుంచి 1930 వరకు 20 సంపుటాలు వెలువరించిన ఆయన, ఆ ఫొటోలలో జనం ఇష్టపడినవాటిని గాజు మీద వేసి ‘కర్ట్‌టోన్’ అన్న పేరుతో, పూతపూసిన చట్రాలలో బిగించి అమ్మాడు. 1904లో అరిజోనాలోని కెన్యన్ డి షే అనే లోయలో తీసిన ఫొటోలో నిట్టనిలువు రాతిగోడ కింద ఏడుగురు నవాహో రౌతులు చీమల్లా సాగిపోతుంటారు. ఆ రాతిగోడ బంగారంలో వెలగడం చూసినవారికి కాగితం మీది ప్రతి చప్పగా కనబడుతుంది. ఒక గుడారంలో తీసిన మరో ఫొటోలో ఇద్దరు మనుషుల నడుమ ఉన్న గడియారాన్ని కర్టిస్ చెరిపివేయించాడన్న సంగతి తెలిసినప్పటి నుంచి, ఈ బంగారు కాంతిని నేను కొంచెం అనుమానంతోనే చూస్తున్నాను. బతికున్న మనుషులను గతంలోకి నెట్టివేసే పనికి ఆ కాంతి బాగా అక్కరకు వచ్చింది.

ఇక విజయవాడలో ఈ పని చేయడానికి మొదటి శత్రువు ఎండ. గాజుకు జెలటిన్ అంత సులువుగా అంటుకోదు. పలకను చాకలి సోడాతో, ఆపైన సుద్దపొడితో తోమి, నీళ్లు చుక్కలు కట్టకుండా పొరలా జారేదాకా కడగాలి. ఆ తరువాత లీటరు నీటికి 5 గ్రాముల జెలటిన్, కొద్దిగా క్రోమ్ పటిక కలిపిన ద్రావణాన్ని పలుచగా పూసి ఆరనివ్వాలి. ఎర్ర దీపం వెలుగులో, 40 డిగ్రీల దగ్గర కరిగించిన ఎమల్షన్‌ను పలక మధ్యలో పోసి, నాలుగు మూలలకూ ఒక్కొక్కటిగా వంచి పారిస్తే ఆత్రేయపురం పూతరేకులా పలుచగా పరుచుకుంటుంది; నాలుగో మూల నుంచి మిగిలినదాన్ని తిరిగి గిన్నెలోకి వంచేస్తాను. వెంటనే పలకను ఐసు ముక్కల మీద పెట్టిన స్టీలు పళ్లెంలో సమంగా ఉంచితే పూత గడ్డకడుతుంది. మొదటి సంవత్సరం మే నెలలో ఇవన్నీ శ్రద్ధగా చేసి, చివరి కడుగుడుకు మాత్రం మేడమీది ట్యాంకు నీళ్లే వదిలాను. చక్కగా వచ్చిన బొమ్మ ఒక అంచున లేచి, పాల మీది మీగడలా ముడతలు పడి, తొట్టిలో తేలిపోయింది. అప్పటి నుంచి పలకల పని కార్తీకం వచ్చాకే మొదలుపెట్టి సంక్రాంతితో ముగిస్తున్నాను.

నన్ను ఎక్కువ కాలం తిప్పలు పెట్టినది మాత్రం వేరే ఉంది. డెవలప్ చేసి, బొమ్మను నిలిపే హైపో ద్రావణంలో ఫిక్స్ చేసి, కడిగిన పలకను వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ఏ మాత్రం నిండుగా కనబడినా అది పనికిరాదు. కారణం తేలికైనదే, కానీ నా బుర్రకు ఎక్కడానికి పది పన్నెండు పలకలు ఖర్చయ్యాయి. బంగారు పూత వేసిన తరువాత వెలుగు ముందు నుంచి వచ్చి, వెండి రేణువుల పొరను దాటి, వెనుక పూత మీద పడి, మళ్లీ అదే పొరలో నుంచి వెనక్కి రావాలి. ఒక చోట పొర సగం వెలుగును పోనిస్తుందనుకుంటే, తిరుగు ప్రయాణంలో ఆ సగంలో సగమే బయటికి వస్తుంది, అంటే పావు వంతు. పలకను ఎత్తి చూసినప్పుడు మధ్యస్థంగా ఉన్న నీడ, పూత వేశాక మసిబొగ్గు అవుతుంది. అందువల్ల ప్రింటు ఉత్తప్పుడు చూస్తే పాలిపోయి, ఎక్స్‌పోజర్ చాలనట్టుగా ఉండాలి. వెలుగు భాగాలలో వట్టి గాజే మిగలాలి, ఎందుకంటే అక్కడ కనబడవలసినది వెనుకనున్న పూతే. ఇప్పుడు నేను తడి పలక వెనుక పెళ్లి శుభలేఖల బంగారు కాగితం ముక్క పెట్టి చూసి గాని తీర్పు చెప్పను.

అసలు ఆ పూతలో బంగారం ఉండదు. కర్టిస్ కాలంలో వాడినది బ్రాంజ్ పౌడర్. పేరుకు బ్రాంజ్ అయినా నిజానికి రాగి, జింకు కలిసిన ఇత్తడి పొడి. విగ్రహాల కిరీటాలకు రంగు వేసేవారు పెయింట్ల కొట్టులో ‘గోల్డ్ పౌడర్’ అని అడిగి కొనేది ఇదే. దీన్ని అప్పట్లో బనానా ఆయిల్‌లో కలిపేవారు. అరటిపండు వాసన వేసే ఆ అమైల్ ఎసిటేట్ అరటి నుంచి తీసినది కాదు, కానీ ఇట్టే అంటుకుంటుంది కనుక పొయ్యి ఉన్న గదిలో దాని మూత తీయకూడదు. చిలకలపూడి రోల్డుగోల్డుకైనా పైన పలుచటి పసిడి పొర ఉంటుంది, దీనికి అదీ లేదు. ఆ లోటు తీర్చాలన్న పట్టుదలతో హైదరాబాదు పాతబస్తీలో అసలు బంగారు రేకులు కొని, పలుచటి జెలటిన్ నీటితో ఒక పలకకు అంటించాను. ఖర్చు సంగతి అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. ఫలితం చూసి నేనే తెల్లబోయాను: రేకు అద్దంలా నున్నగా ఉండడంతో బొమ్మలో అమ్మమ్మ ముఖం కంటే నా ముఖమే ఎక్కువగా కనబడింది. ఇత్తడి పొడిలోని రేణువులు తలా ఒక వైపుకు ఒరిగి, పడిన వెలుగును నలుదిక్కులా చిమ్ముతాయి. మనకు లోపలి నుంచి వస్తున్నట్టు తోచే ఆ మెత్తటి కాంతి దానివల్లనే పుడుతుంది.

ఆ పొడికి ఆయుష్షు మాత్రం తక్కువ. పూతలో ఏ కాస్త పులుపు ఉన్నా, హైపో సరిగా కడగకపోయినా, తేమ తగిలినా రాగి పచ్చబడుతుంది. పమిట కుడి భుజం మీద ఉన్న పలకను నేను పారవేయకుండా, వెనుక వట్టి అట్ట పెట్టి వంటింటి గోడకు తగిలించాను. రెండు వానాకాలాలు గడిచేసరికి కింది ఎడమ మూల నుంచి చిలకపచ్చ మచ్చ ఒకటి బయలుదేరి, ఇప్పుడు చీర అంచు దాకా వచ్చింది. సరిగా తిరగేసి వేసిన రెండో పలకకు పూత ఆరాక వార్నిష్ వేసి, వెనుక మరో గాజు పెట్టి, అంచుల చుట్టూ టేపు అంటించాను. అది అమ్మ గదిలో, ఉదయపు ఎండ పక్క నుంచి పడే గోడకు ఉంది.