ఎమ్మే హిస్టరీ ప్రిపరేషన్: ఈజిప్టు, గ్రీకు దేవతారాధన పోలికను నేను చదివిన తీరు

ఫలితాలు వచ్చాయి. ఎమ్మే హిస్టరీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ప్రాచీన ప్రపంచ నాగరికతల పేపర్ అంటే మనలో చాలామందికి టెన్షన్. నాకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు అందులోనే వచ్చాయి. పొద్దున స్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంటి పని చూసుకుని, రాత్రిళ్ళు చదివి తెచ్చుకున్న మార్కులు కాబట్టి గర్వంగానే చెబుతున్నాను. మెమో చూసిన దగ్గర్నుంచి తోటివాళ్ళు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "ఈజిప్షియన్ల, గ్రీకుల బహుదేవతారాధనను పోల్చండి అన్నదానికి ఏం రాశావు?" సిలబస్, పేపర్ ప్యాటర్న్ మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోకుండా నేరుగా ఆ ప్రశ్నకే వస్తాను.

ఈ ప్రశ్నకు దాదాపు అందరూ రాసే జవాబు ఒక్కటే. అటు రా, ఒసైరిస్, ఐసిస్, హోరస్; ఇటు జ్యూస్, హేరా, ఎథీనా, అపోలో. మధ్యలో ఒక గీత. కింద "ఇద్దరూ అనేకమంది దేవతలను కొలిచారు" అని ముగింపు. అది పేర్ల పట్టిక తప్ప పోలిక కాదు. గైడుల్లో ఉన్నదీ అదే. నేనూ చాలాకాలం ఆ పట్టికనే వల్లె వేశాను, ఎంత చదివినా మర్నాటికి మరిచిపోయేదాన్ని.

ఒక రాత్రి అబిడోస్‌లోని ఈజిప్టు రాజు మొదటి సేతి ఆలయం గురించి చదువుతుంటే దారి దొరికింది. పూజారి రోజూ చేయాల్సిన పూజ ఆ గోడల మీద వరుసగా చెక్కి ఉంది. తెల్లవారగానే పూజారి గర్భగుడి ముందుకొస్తాడు. తలుపుకి వేసిన మట్టి ముద్ర పగలగొట్టి, గడియ తీసి, తలుపు తెరిచి నేల మీద సాష్టాంగపడతాడు. స్తోత్రాలు చదివి, ధూపం వేస్తాడు. విగ్రహానికి నిన్నటి బట్ట తీసి, పాత లేపనం తుడిచి, శుద్ధి చేసి, కొత్త బట్ట కట్టి, సుగంధ తైలం రాస్తాడు. రొట్టె, బీరు, మాంసం నైవేద్యం పెడతాడు. అన్నీ అయ్యాక తలుపు మూసి మళ్ళీ ముద్ర వేసి, వెనక్కి నడుస్తూ తన అడుగుల జాడలు కూడా చీపురుతో తుడిచేసి బయటికొస్తాడు.

ఆ అడుగుల జాడల దగ్గర ఆగిపోయాను. మనిషి వచ్చి వెళ్ళిన గుర్తు కూడా దేవుడి గదిలో మిగలకూడదు! మరి గ్రీకు ఆలయంలో ఈ పని ఎవరు చేసేవారు, ఎక్కడ చేసేవారు అని వెతకడం మొదలుపెట్టాను. అంతే, పట్టిక మూసేశాను. అప్పటినుంచి ఈ యూనిట్ మొత్తాన్ని కొన్ని ప్రశ్నలు పట్టుకునే చదివాను. దేవుడి దగ్గరికి ఎవరు వెళ్ళొచ్చు? పూజ ఎక్కడ జరుగుతుంది? పెట్టింది చివరికి ఎవరు తింటారు? అసలు ఎందుకు చేస్తారు?

ఈజిప్టులో ఆ పూజారి నిజానికి తన తరఫున పూజ చేయడం లేదు. ఏ ఆలయం గోడ చూసినా దేవుడి ముందు నిలబడి నైవేద్యం ఇస్తున్నది ఫారోయే. సిద్ధాంతం ప్రకారం దేశం మొత్తానికి దేవతలకు పూజ చేసే అర్హత ఉన్నవాడు రాజు ఒక్కడే. పూజారులు అతని బదులు నిలబడేవాళ్ళు. రాజు అర్పించేవాటిలో మాత్ దేవత చిన్న బొమ్మ ఒకటి ఉంటుంది. మాత్ అంటే సత్యం, న్యాయం, లోకం ఒక క్రమంలో నడవడం. పూజ ఆగితే ఆ క్రమం చెదిరిపోతుందని వాళ్ళ నమ్మకం. అందుకే ఆలయం లోపలికి జనం రానక్కర్లేదు, పూజ జరిగితే చాలు. కర్నాక్‌లోని 134 స్తంభాల మండపం దాటి లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తవుతూ, కప్పు దిగుతూ, వెలుతురు తగ్గుతూ వస్తుంది. ఆ చివరి చీకటి గదిలోకి సామాన్యుడికి ప్రవేశం లేదు.

ఇప్పుడు గ్రీకుల వైపు రండి. బలిపీఠం గుడి బయట, ఆకాశం కింద ఉంటుంది. గుడి లోపల ఉండేది విగ్రహం, కానుకలు. అసలు పూజ మాత్రం బయట, జనం కళ్ళెదుట. హోమర్ కావ్యం ఇలియడ్ మొదటి సర్గలో అపోలోకి ఇచ్చిన బలి వర్ణన ఒక్కసారి నిదానంగా చదవండి, నోట్సు వేరే అక్కర్లేదు. చేతులు కడుక్కుంటారు, బార్లీ గింజలు చేతుల్లోకి తీసుకుంటారు, పూజారి చేతులెత్తి ప్రార్థిస్తాడు, గింజలు చల్లుతారు, పశువు తల వెనక్కి వంచి గొంతు కోస్తారు. తొడ ఎముకలను కొవ్వులో చుట్టి, కట్టెల మంట మీద కాల్చి, పైన ద్రాక్షసారా పోస్తారు. పొగ దేవుడికి. లోపలి భాగాలు ముందు రుచి చూసి, మిగతా మాంసం చువ్వలకు గుచ్చి కాల్చి అందరూ సమానంగా పంచుకుని తింటారు. తర్వాత పొద్దుగుంకే దాకా పాటలు.

దేవుడికి ఎముకలు, మనుషులకు మాంసం ఎందుకని గ్రీకు కవి హెసియడ్ దేవతల పుట్టుక చెప్పే తన థియోగొనీలో కథ చెప్పాడు. మెకోనె అనే చోట ప్రొమీథియస్ ఎద్దు మాంసాన్ని పొట్ట తోలు కింద దాచి, ఎముకలను మెరిసే కొవ్వుతో కప్పి, కోరుకొమ్మని జ్యూస్ ముందు పెడతాడు. జ్యూస్ కొవ్వు కప్పిన వాటా తీసుకుంటాడు. ఈ కథ రాస్తే ఆన్సర్ బరువు పెరుగుతుంది. ఎందుకంటే తేడా అంతా ఇక్కడే ఉంది. ఈజిప్టులో నైవేద్యం ముందు ప్రధాన దేవుడికి, తర్వాత పక్క దేవతలకు, చివరికి పూజారులకు అందేది. అది వాళ్ళ జీతంలో భాగం. గ్రీసులో ఆ మాంసం పౌరుల పంక్తికి పోయేది. ఎవరు పంక్తిలో కూర్చుంటారో వాళ్ళే ఊరివాళ్ళు. ఈజిప్టు పూజ లోకాన్ని నిలబెట్టడానికైతే, గ్రీకు బలి నగరాన్ని ఒక్కటిగా ఉంచడానికి. నా ఆన్సర్ మొత్తం ఈ వాక్యం చుట్టూనే తిప్పాను.

పూజారుల గురించి రాసేటప్పుడు హెరొడోటస్‌ను వాడుకోండి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఈజిప్టు వెళ్ళిన గ్రీకు మనిషి, తన చరిత్ర రెండో భాగమంతా ఈజిప్టు గురించే రాశాడు, గ్రీకులతో తేడాలూ చెప్పాడు. ఈజిప్టు పూజారులు రోజు విడిచి రోజు ఒళ్ళంతా గొరిగించుకుంటారని, నార బట్ట, పపైరస్ చెప్పులు తప్ప వేసుకోరని, పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చన్నీళ్ళ స్నానం చేస్తారని ఆయన రాశాడు. ఈజిప్టులో ఆడవాళ్ళు పూజారులుగా ఉండరనీ రాశాడు. ఆ మాటను అలాగే దించేయకండి. థీబ్స్‌లో 'ఆమున్ దేవపత్ని' (ఆమున్ కర్నాక్ ప్రధాన దేవుడు) పదవిలో రాజకుటుంబపు స్త్రీలు గొప్ప అధికారం చెలాయించారు, హాథోర్ పూజారిణులు పిరమిడ్లు కట్టిన పాత రాజ్య కాలం నుంచీ ఉన్నారు. ఒక మూలాన్ని ఇంకో ఆధారంతో సరిచూసి రాస్తే దిద్దేవాళ్ళకు మనం గైడు మీద ఆధారపడలేదని తెలుస్తుంది. గ్రీసులో పూజారి అన్నది చాలావరకు పౌరుడు నిర్వహించే గౌరవ బాధ్యత, ప్రత్యేక వర్గం కాదు. కొన్ని పదవులు మాత్రం వంశాలకే ఉండేవి. ఏథెన్సులో ఎథీనా పోలియాస్ పూజారిణి ఎప్పుడూ ఎటియోబుటాడ్ వంశం నుంచే వచ్చేది.

ఇక్కడ నా చదువు గురించి ఒక మాట. "ఒక్క ప్రశ్న కోసం ఇన్నిరోజులా? ఆ టైంలో రెండు యూనిట్లు అయ్యేవి కదా" అని నా మంచి కోరేవాళ్ళే అన్నారు. అప్పుడు జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నేను చదివింది ఒక్క ప్రశ్న కాదు. రాజరికం, నగర రాజ్యం, పూజారి వర్గం, ఆలయ భూములు, స్త్రీల స్థానం, అన్నీ ఆ పూజ గది గుమ్మంలోనే అర్థమయ్యాయి. మెసొపొటేమియా యూనిట్ ఆ తర్వాత నాకు చాలా తేలికైంది, ఎందుకంటే జిగురాత్ (అక్కడి మెట్ల గోపురం లాంటి ఆలయ కట్టడం) దగ్గరా అవే ప్రశ్నలు అడిగాను. లోతుగా చదివిన ఒక్క అంశం పైపైన చదివిన పదింటికి దారి చూపిస్తుంది. రోజూ పడుకునే ముందు ఒక పేజీ చేత్తో రాయకుండా నిద్రపోలేదు. జ్వరమొచ్చినా రాశాను, ఇంట్లో పెళ్ళి జరిగిన రోజూ రాశాను. ఫోన్ ఇంకో గదిలో పెట్టేదాన్ని. చదవడం అందరూ చదువుతారు, రాసేవాళ్ళు తక్కువ. పరీక్ష హాల్లో మనల్ని కాపాడేది చెయ్యి అలవాటే, దయచేసి నిర్లక్ష్యం చేయకండి.

మళ్ళీ విషయానికొస్తాను. లోపలికి రానివ్వని ఈజిప్టు జనం దేవుణ్ణి ఎలా చూసేవారు? ఊరేగింపులో. మన గుళ్ళలో మూలవిరాట్టు కదలదు, ఉత్సవమూర్తి వీధుల్లోకి వస్తాడు. గుర్తుంచుకోవడానికి అది చాలు, ఆన్సర్లో మాత్రం రాయకండి. ఓపెట్ పండుగకు ఆమున్ పడవ ఆకారపు పల్లకిలో కర్నాక్ నుంచి లక్సర్‌కు వచ్చేవాడు. రాజు మూడో థుట్మోస్ కాలంలో 11 రోజులు జరిగిన ఈ పండుగ, మూడో రామెసిస్ చివరినాటికి 27 రోజులకు పెరిగింది. ఆ పల్లకి ముందు జనం తమ తగువులు చెప్పుకునేవారు: నా వస్తువు ఎవరు దొంగిలించారు, ఈ ఇల్లు ఎవరిది? పల్లకి ముందుకు కదిలితే అవును, వెనక్కి తగ్గితే కాదు. రాజుల సమాధులు చెక్కిన పనివాళ్ళ ఊరు దేర్ ఎల్ మదీనాలో, చనిపోయాక దేవుడిగా కొలిచిన రాజు మొదటి అమెన్‌హోటెప్ ఇలాగే తీర్పులిచ్చేవాడు.

దీన్ని గ్రీకుల జోస్య క్షేత్రం డెల్ఫీ పక్కన పెట్టండి. అక్కడ అపోలో పలికేది పిథియా అనే స్త్రీ నోట. అడగడానికి నగరాలు రాయబారులను పంపేవి. క్రీ.పూ. 480లో పర్షియన్లు మీదికొస్తున్నప్పుడు ఏథెన్సుకి చెక్క గోడ రక్షిస్తుందన్న మాట వచ్చింది. అది ఓడలేనని ఏథెన్సు నాయకుడు థెమిస్టోక్లీస్ జనసభలో వాదించి గెలిచాడు. దేవుడి మాటకు అర్థం ఏమిటన్నది పౌరులు చర్చించి తేల్చుకున్నారు. గ్రీకు మతం ఎలా నడిచేదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

పోలికలూ రాయాలి, తేడాలతోనే సరిపెట్టకూడదు. ఇద్దరికీ అందరూ ఒప్పుకోవాల్సిన ఒకే పవిత్ర గ్రంథం లేదు. ఊరూరికీ తన దేవత ఉంది. మామూలు మనుషుల మొక్కులు ఇద్దరిలోనూ ఉన్నాయి: ఈజిప్టులో దేవుడు తమ మాట వినాలని చెవుల బొమ్మలు చెక్కిన రాతి పలకలు సమర్పించారు, గ్రీసులో వైద్య దేవుడు అస్క్లేపియస్ గుళ్ళలో నయమైన కాలు, చెయ్యి, కన్ను బొమ్మలు చేయించి పెట్టారు. ఈ చెవులు, కాళ్ళు రెండూ పక్కపక్కన రాశాను, నాకు చాలా ఇష్టమైన భాగం అదే. జంతువుల దగ్గర మళ్ళీ తేడా వస్తుంది. మెంఫిస్‌లో ఏపిస్ ఎద్దు బతికి ఉండగా పూజలందుకుంది, చనిపోతే సక్కారాలో రాజమర్యాదలతో సమాధి అయింది. గ్రీసులో ఎథీనా గుడ్లగూబ ఆమె పక్కన ఉంటుంది, కొందరు ఈజిప్టు దేవతలకున్నట్టు ఆమె ముఖం కాదు.

మరణానంతర జీవితం అందరూ బాగా రాస్తారు కాబట్టి క్లుప్తంగా రాశాను. 70 రోజుల మమ్మీ తయారీ, మాత్ ఈకతో గుండెను తూయడం, ఒసైరిస్ తీర్పు ఒకవైపు. మరోవైపు ఒడిస్సీ 11వ సర్గలో ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలీస్ ప్రేతాత్మ: చనిపోయినవాళ్ళందరికీ రాజుగా ఉండేకంటే భూమి లేని పేదవాడి దగ్గర కూలి చేసుకుని బతకడం మేలంటాడు. అయితే గ్రీకులందరి ఆశా అక్కడే ఆగలేదని చెప్పడానికి ఏథెన్సు దగ్గరి ఎల్యూసిస్‌లో పంటల దేవత డిమీటర్ రహస్య వ్రతాలు తప్పక చేర్చండి. గ్రీకు భాష తెలిసి, హత్యాదోషం లేనివాళ్ళైతే స్త్రీలకు, బానిసలకు కూడా అక్కడ దీక్ష దొరికేది.

చివరి పేరా రెండు మతాలు కలిసిన చోటికి ఉంచండి. అలెగ్జాండర్, అతని తర్వాత ఈజిప్టును ఏలిన గ్రీకు రాజులు టాలెమీలతోనే ఇది మొదలైందని చాలామంది రాస్తారు. క్రీ.పూ. 333 నాటి ఏథెన్సు శాసనం ఒకటి ఉంది. సైప్రస్‌లోని కిటియాన్ వర్తకులు తమ ఆఫ్రొడైటీ గుడికి స్థలం కొనుక్కోవడానికి అనుమతిస్తూ, ఈజిప్షియన్లు ఐసిస్ గుడి కట్టుకున్నట్టే వీళ్ళూ కట్టుకోవచ్చని అందులో ఉంది. అంటే అలెగ్జాండర్ ఈజిప్టులో అడుగుపెట్టకముందే ఏథెన్సు రేవు పిరేయస్‌లో ఐసిస్ ఉంది. ఆ తర్వాత మొదటి టాలెమీ కాలంలో సెరాపిస్ ఆరాధన పెరిగింది: మూలం మెంఫిస్ ఒసైరిస్-ఏపిస్, రూపం మాత్రం గడ్డం ఉన్న గ్రీకు దేవుడిది. ఈజిప్టు ఆచారం ఎంతకాలం నిలిచిందో చెప్పడానికి ఫిలే ద్వీపం చాలు. తేదీ తెలిసిన చివరి హైరోగ్లిఫిక్ శాసనం అక్కడే, క్రీ.శ. 394లో చెక్కారు.

మిగతా పేపర్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రోమ్, చైనా యూనిట్లు పాత ప్రశ్నపత్రాలతోనే పూర్తిచేశాను. హిస్టోరియోగ్రఫీకి క్లాసు నోట్సు సరిపోయింది. పోలిక ప్రశ్నకు నేను పరీక్షలో ఐదు పేజీలు రాశాను, మొదట్లోనే ఒక చిన్న బొమ్మ వేశాను: ఎడమవైపు ఈజిప్టు ఆలయం ప్లాన్, పూజ జరిగే గది చివర, కుడివైపు గ్రీకు ఆలయం, బలిపీఠం తూర్పున, గుమ్మం బయట. పెన్సిలుతో రెండు నిమిషాల పని. సప్లిమెంటరీ రాసేవాళ్ళు ఆ బొమ్మను ఇప్పటినుంచే ప్రాక్టీస్ చేయండి. స్కేలు లేకుండా వేయడం అలవాటైతే హాల్లో టైం కలిసొస్తుంది.