పెంచి వదలొచ్చు కదా?

ఫిబ్రవరి వచ్చిందంటే నా నిద్ర వేళలు మారిపోతాయి. మాది సోంపేట వైపు సముద్రం ఒడ్డున ఓ పల్లె. పగలు వలలు బాగుచేస్తాను. తాబేళ్ల సీజన్లో మాత్రం రాత్రి పదింటికి టార్చి, గోనెసంచి, సన్నటి కర్ర పట్టుకుని మా మావయ్యతో పాటు ఒడ్డెంట నడుస్తాను. తల్లి గుడ్లు పెట్టిన చోటు వెతకడం, ఆ గుడ్లు హేచరీకి, అంటే వాటిని ఇసుకలో పూడ్చి కాపలా కాసే చోటికి, చేర్చడం, పిల్లలు పైకొచ్చాక నీళ్లలోకి పంపడం మా పని. ఇది పన్నెండో ఏడు.

పిల్లల్ని వదిలే రోజు జనం వస్తారు. వాళ్లలో ఒకరైనా అడిగే మాట ఒకటుంది: "ఇంతింత పిల్లలు, చేపలే మింగేస్తాయి. ఓ ఏడాది తొట్టెలో పెంచి, కాస్త పెద్దయ్యాక వదలొచ్చు కదా?" మనసు మంచిదైతేనే ఆ మాట వస్తుంది. మొదటి రెండేళ్లు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడెందుకు అనుకోవడం లేదో ఆ హడావుడిలో నిలబడి చెప్పడం కుదరదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

మా ఒడ్డుకొచ్చేవి ఆలివ్ రిడ్లే అనే జాతి తాబేళ్లు. ఒడిశాలో రుషికుల్య మొగ దగ్గర, గహిర్‌మాతాలో లక్షల్లో ఒకేసారి వచ్చి పడతాయి. మా దగ్గర అలా కాదు. రాత్రికి ఒకటో రెండో వస్తాయి, కొన్ని రాత్రులు జాడే ఉండదు. తల్లి డిప్ప రెండడుగులుంటుంది, బరువు ఓ నలభై కిలోలు. పోటు గీత దాటి పైకొచ్చి, వెనక కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటి ఇసుక తోడుతుంది. ఆ గొయ్యి అడుగున వెడల్పు, పైన ఇరుకు, అచ్చం కడవలా ఉంటుంది. చూడకుండా, వెనక కాళ్లతో, అంత గుండ్రంగా ఎలా తవ్వుతుందో ఇన్నేళ్లు చూసినా నాకు వింతే. తవ్వేటప్పుడు దగ్గరికి వెళ్లకూడదు. లైటు పడితే పని ఆపేసి వెనక్కి పోతుంది. గుడ్లు పడటం మొదలయ్యాక మాత్రం ఇక కదలదు. కళ్ల నుంచి చిక్కటి నీళ్లు కారుతుంటాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా పోతుందని ట్రైనింగులో చెప్పారు. మా అమ్మమ్మ "పురిటి నొప్పులురా, తల్లి ఏడస్తంది" అనేది. రెండు మాటలూ నాకు గుర్తే, ఆ రాత్రుల్లో అమ్మమ్మ మాటే ముందు వస్తుంది.

నూరు, నూటిరవై గుడ్లు పెట్టాక ఇసుక కప్పేసి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకని దబ్ దబ్‌మని మొత్తుతుంది. చీకట్లో ఆ చప్పుడు విని మావయ్య "అదిగో, దిమ్మిస కొడతంది" అంటాడు. తర్వాత వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది.

అక్కణ్నుంచి మా బాధ్యత. నిజానికి ఆ గుడ్లు తల్లి పెట్టిన చోటే ఉంటే అంతకన్నా మంచిది లేదు. కానీ తెల్లారేసరికి కుక్కలు, నక్కలు తవ్వేస్తాయి. కొన్నిచోట్ల ఒడ్డు కోసుకుపోతోంది. అందుకని తీస్తాం. తీసేటప్పుడు ఒకటే నియమం: పెట్టిన రెండు మూడు గంటల్లోపే తియ్యాలి, గుడ్డు తిరగబడకూడదు. పొద్దెక్కాక కదిలిస్తే, లోపల పెంకుకి అప్పుడే అంటుకున్న పిండం ఊడి చచ్చిపోతుంది. గుడ్డు పింగ్‌పాంగ్ బంతిలా ఉంటుంది, కానీ పెంకు మెత్తన, నొక్కితే సొట్ట పడుతుంది. సైకిలు మీద కూడా పెట్టం. సంచి చేత్తో మోసుకుంటూ నడిచే వస్తాం.

హేచరీలో గొయ్యి కూడా తల్లి తవ్వినట్టే తవ్వుతాం, మూరెడు లోతు, కడవ ఆకారం. ఆ తర్వాత 45 నుంచి 60 రోజులు. ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. 30 డిగ్రీలు దాటి బాగా కాగితే దాదాపు అన్నీ ఆడపిల్లలే, చల్లగా ఉంటే మగపిల్లలు. పైన తాటాకు పందిరి ఎంత దట్టంగా వేస్తామన్న దాని మీద ఓ గూడులో ఆడెన్నో మగెన్నో మారిపోతుందని తెలిసిన రోజు నాకు చేతులు వణికాయి. మనిషి చెయ్యి పడితే, మంచికే పడినా, ఇంత లోతుకి వెళ్తుందని అప్పుడే అర్థమైంది.

ఇక తొట్టె సంగతి. ఏడో సీజన్లో ఓ గూడు పిల్లలు రాత్రి పన్నెండింటికి పైకొచ్చాయి. పొద్దున్న ఓ పెద్దాయన వచ్చి తన చేత్తో వదులుతారు, అప్పటిదాకా ఉంచమన్నారు. వద్దని చెప్పాల్సింది. నేను చెప్పలేదు. ప్లాస్టిక్ తొట్టెలో వేసి గోనె కప్పాను. రాత్రంతా ఆ గోడల మీద తెడ్లలాంటి బుల్లి కాళ్లు గీరుతున్న చప్పుడు వింటూ పక్కనే కూర్చున్నాను. పెద్దాయన వచ్చేసరికి ఎనిమిది దాటింది. ఫొటోలయ్యాక ఇసుక మీద వదిలితే సగం పిల్లలు రెండడుగులు పాకి ఆగిపోయాయి. నీళ్లలో పడినవి కూడా అల మీద తేలుతూ మళ్లీ ఒడ్డుకే కొట్టుకొచ్చాయి. కాకులు అప్పటికే దిగాయి. మావయ్య నన్ను ఏమీ అనలేదు. "దాని బలమంతా నీ తొట్టెలో కరిగిపోనాది" అని మాత్రం అన్నాడు.

ఆ మాట అక్షరాలా నిజం. పిల్ల పుట్టేటప్పుడే పొట్టలో గుడ్డులోని పచ్చసొన కొంత మిగుల్చుకుని వస్తుంది. మేత అక్కర్లేకుండా, ఒడ్డున ఉండే చేపలని దాటి లోతుకి చేరేదాకా ఆపకుండా ఈదడానికి ఇచ్చిన ఇంధనం అది. తొట్టెలో కూడా ఈదుతూనే ఉంటుంది, గోడకి. పైగా ఇసుక మీద పాకిన ఆ కాస్త దూరంలో, తొలి ఈతలో, తను పుట్టిన తీరాన్ని గుర్తు పెట్టుకుంటుందంటారు. పది పదిహేనేళ్ల తర్వాత తల్లి అయి ఈ వైపుకే రావాలంటే ఆ నడక దానికి కావాలి.

పెంచి వదిలి చూసినవాళ్లు లేకపోలేదు. దీని చెల్లెలు జాతి కెంప్స్ రిడ్లే మెక్సికోలో 1985 నాటికి 702 గూళ్లకి పడిపోయింది. 1978 నుంచే అక్కడి గుడ్లు కొన్నిటిని అమెరికాలోని టెక్సస్‌కి తీసుకెళ్లి, పిల్లల్ని గాల్వెస్టన్‌లో దాదాపు ఏడాది పాటు ఒక్కోదాన్ని విడివిడిగా పెంచి వదిలారు. అలా పెరిగినవి తిరిగొచ్చి గుడ్లు పెట్టడం మొదటిసారి కనబడింది 1996లో. అంత ఖర్చుకి అంత ఫలితం ఉందా అని ఇప్పటికీ వాదించుకుంటారు. గూళ్లకి కాపలా, రొయ్యల వలల్లో తాబేలు తప్పించుకునే కిటికీ, ఈ రెండింటికీ మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.

పెంచడం తప్పనిసరైన తాబేళ్లూ ఉన్నాయి, కాదనను. సుందర్బన్స్‌లో బటాగుర్ బాస్కా అనే నది తాబేలు అంతరించిపోయిందనుకున్న టైములో, 2008లో సజ్నేఖాలి చెరువులో డజను వరకూ బతికున్నవి దొరికాయి. వాటిని జతకట్టించి, పిల్లల్ని ఏళ్ల తరబడి చెరువుల్లో పెంచి, 2022 జనవరిలో పది తాబేళ్లకి జీపీఎస్ కట్టి వదిలారు. వాటికి వేరే దారి లేదు. మా రిడ్లేలకి దారి ఉంది. మా ఒడ్డున జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్ల శవాలు చూడండి. మర బోట్ల వలల్లో ఊపిరాడక చచ్చినవే ఎక్కువ. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అప్పటికి గుడ్లు పెట్టడం దాదాపు అయిపోతుంది. వలలు నేనే అల్లుతాను కాబట్టి చెప్తున్నాను, ఆ కిటికీ బిగించడం పెద్ద పని కాదు. ఒక్క తల్లి బతికితే నా హేచరీలో ఎన్ని గూళ్లకి సమానమో లెక్క కట్టుకోండి.

మొన్న 23వ నంబరు గూడు తవ్వాం. పిల్లలు వెళ్లిపోయిన మూడో రోజున తవ్వి లెక్క రాయాలి. 113 గుడ్లు. ఖాళీ పెంకులు 91, ఎదగనివి 14, లోపలే చచ్చినవి 7. అన్నిటికన్నా అడుగున ఒక పెంకు సగం చిరిగి, అందులో ఓ పిల్ల కళ్లు మూసుకుని ఉంది. పొట్ట కింద సొన ఇంకా బఠాణీ గింజంత బయటే ఉంది. బొడ్డు మానలేదు. తడి ఇసుక గుప్పెడు వేసి, చీకట్లో ఉంచి, గుడ్డ కప్పాం. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మర్నాడు రాత్రి రెండింటికి గుడ్డ తీసి చూస్తే సొన లోపలికి పోయింది, పిల్ల ఇసుక గీరుతోంది. టార్చి ఆపేశాం. తడి ఇసుక మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగాం. నీళ్ల దాకా చేరడానికి పదకొండు నిమిషాలు పట్టింది.