పల్లీలు కావు, చెక్క కావాలి

లాగోస్‌లో చీకటి పడితే వీధి మలుపుల్లో పొగ లేస్తుంది. ఇనుప తట్టలో నిప్పులు, పుల్లలకు గుచ్చిన మాంసం, వెనక విసనకర్రతో మై సూయా. ఈ పుల్లల మాంసమే సూయా, దాన్ని కాల్చేవాడిని హౌసా భాషలో అలా అంటారు. ఈ వంట ఉత్తర నైజీరియా హౌసా వాళ్లది. ఉద్యోగానికని వచ్చి మూడేళ్లుగా వారానికి రెండు పొట్లాలు తింటున్నాను, ఇంట్లో చేయలేనా అనిపించింది.

అందులో అసలు సరుకు యాజీ అనే పొడి. వేరుశనగ, ఎండుమిరప, శొంఠి నాలుకకు తెలిసిపోతూనే ఉన్నాయి. మాది అనంతపురం జిల్లా. పల్లీల సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా? అరకిలో వేయించి, పొట్టు తీసి, మిక్సీలో వేశాను. పొడి అవుతున్నట్టే ఉండి ముద్దయింది, గిన్నె అంచున నూనె తేలింది. ఆ ముద్దనే మాంసానికి పట్టించి బాల్కనీలో బొగ్గుల కుంపటి మీద పెట్టాను. నూనె బొట్లు నిప్పుల్లో పడి భగ్గుమంది. పైన మసి, లోపల పచ్చి. పై అంతస్తువాళ్లు కిటికీలు మూసుకున్నారు.

గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయనది ఉత్తర నైజీరియాలోని కానో. మాడిన పుల్ల ఒకటి చూపిస్తే వాసన చూసి నవ్వారు. “పల్లీలు కాదు ఓగా, కూలీ-కూలీ.” ఓగా అంటే ఇక్కడ అయ్యగారు. వేయించిన పల్లీలను నూరి, పిసికి పిసికి నూనె తీసేసి, మిగిలిన పిండిని కడ్డీలుగానో చుట్టలుగానో చేసి, ఆ నూనెలోనే కరకరలాడేలా వేయిస్తారట. మా ఊరి గానుగలో మిగిలే వేరుశనగ చెక్కకు దగ్గరి చుట్టమన్నమాట. దాన్ని మేం గేదెలకు పెట్టేవాళ్లం! ఒకప్పుడు కానోలో ఎగుమతికి ఉంచిన వేరుశనగ బస్తాలను పిరమిడ్లలా పేర్చేవారు. 1960లలో, చిన్నతనంలో, వాటిని చూశానని ఆయన చెబుతుంటే నా అనంతపురం అతిశయం కాస్త దిగింది.

మర్నాడు మార్కెట్లో పావుకిలో కూలీ-కూలీ కొన్నాను. కింబా కూడా దొరికింది. అవి నల్లని సన్నకాయలు, మిరియపు ఘాటుకు పొగ వాసన కలిపినట్టుంటాయి. ఈసారి దంచితే పొడి పొడిగానే నిలిచింది. సుమారు 150 గ్రాముల ఆ పొడికి రెండు చెంచాల కారం, చెంచాన్నర శొంఠి, ఐదు కింబా కాయల పొడి, ఉప్పు, చిదిపిన మ్యాగీ మసాలా బిళ్ల ఒకటి.

బయట అమ్మేది ఎక్కువగా గొడ్డు మాంసం, పొట్టేలుదీ ఉంటుంది. నేను పొట్టేలు తొడ మాంసం కిలో తెచ్చి ముప్పావుగంట ఫ్రీజర్‌లో పెట్టాను. సగం గడ్డకడితేనే కత్తి మాట వింటుంది. పోగుకు అడ్డంగా, పావు అంగుళం లోపు మందంతో కోసి, నీళ్లలో నానిన పుల్లతో కుట్టు వేసినట్టు లోపలికీ బయటికీ పోనిచ్చాను. ముక్క బల్లపరుపుగా సాగాలి, ముడుచుకుంటే ఉడకదు. తర్వాత యాజీలో అదిమి, గంటసేపు ఉంచి, వేరుశనగ నూనె చిలకరించాను.

కాల్చడం మాత్రం పెద్దాయన నా చేతిలో పెట్టలేదు. పెరట్లో బొగ్గులు కుప్పపోసి, మంట తగ్గి బూడిద పట్టేదాకా ఆగి, చుట్టూ ఇటుకలు పేర్చి, వాటికి ఆనించి పుల్లలను నిలబెట్టారు. మాంసం నిప్పుల పైన కాదు, పక్కన. నూనె నేల మీద కారుతోంది, మంట లేవడం లేదు. పుల్లలను తిప్పుతూ మధ్యలో ఒకసారి నూనె రాశారు. అంచులు నల్లబడగానే తీసి, పాత పేపర్లో పచ్చి ఉల్లిపాయ, టమోటా ముక్కలతో చుట్టి, పైన గుప్పెడు యాజీ చల్లారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికే.

మిగిలిన యాజీని సీసాలో పోసి పెట్టాను. ఆదివారం పొద్దున చూస్తే మా ఆవిడ దాన్ని దోసె మీద చల్లుతోంది. శొంఠి కొంచెం ఎక్కువైందట.